తడిసిన శలభాన్ని చూడని దేవసహాయం సారు

దేవసహాయం సారు ఇక లేరు. పదిహేను రోజుల కిందట ఒక మంగళవారం ఉదయం, కడపలో నేను పనిచేసే కళాశాలలో ప్రయోగ పరీక్షలు జరుగుతుండగా ఆ వార్త వచ్చింది. బల్లల మధ్య తిరుగుతున్నాను. జేబులో ఫోను మోగింది. సారు భార్య సుగుణమ్మ గారి పేరు కనిపించింది. మూడేళ్ళుగా నేను ఆ ఇంటికి ఫోను చేయలేదు, ఆ ఇంటి నుంచీ నాకు రాలేదు. "మద్దిలేటీ, మీ సారు పోయినాడప్పా. నిద్దర్లోనే పోయినాడు. రేపు పదింటికి మట్టి. వస్తావా?" అన్నారామె. వస్తానన్నానో లేదో కూడా ఇప్పుడు గుర్తు లేదు. ఎదురుగా ఒక విద్యార్థిని బొద్దింక జీర్ణవ్యవస్థ బొమ్మ గీసి, సరిగా ఉందా అని చూపిస్తోంది. ఉందమ్మా అని బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాను.

ఆ మహనీయుణ్ణి గురించి రాయడానికి నాకంటే యోగ్యులు ఎందరో ఉన్నారు. అయినా పట్టుబట్టి నేనే రాస్తున్నాను. జీవితమంతా నిష్కళంకంగా గడిపిన ఆయన పేరుకు చివరి రోజుల్లో ఒక మచ్చ పడింది. అది నా చేతి పని. నా చేత్తోనే దాన్ని తుడవాలి. తుడిస్తే నా కొలువు నిలుస్తుందో ఊడుతుందో తెలియదు. అది తర్వాతి మాట, ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పనివ్వండి.

ఓర్వకల్లు దగ్గర రాతిగుట్టల పక్కన ఒక పల్లెలో, కూలినాలి చేసుకు బతికే క్రైస్తవ కుటుంబంలో పుట్టారాయన. డోన్‌లో జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం బోధించి అక్కడే పదవీ విరమణ చేశారు. ఆయన కీర్తి డోన్‌లో ఎవరికీ తెలియదు. స్టేషను రోడ్డులో ఆయన ఇల్లు అడిగితే, "షుగరు వచ్చి కాలి వేళ్ళు తీసేసినారే, ఆ సారా?" అంటారు. అదే ఎడతెగని వానలు కురిసే మలెనాడు కొండల్లోనో ఈశాన్య రాష్ట్రాల అడవుల్లోనో ఒక శలభాన్ని ఫొటో తీసి, దాని పేరేమిటో తెలియక తల పట్టుకున్న వాళ్ళందరికీ ఆయన తెలుసు. శలభమంటే మరేమీ కాదు, దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగు, సీతాకోకచిలుకకు దగ్గరి చుట్టం. వర్షారణ్యాల్లో అవి వేల రకాలు. ఒకదానికీ మరొకదానికీ తేడా రెక్క మీది వెంట్రుకంత గీతలోనో, గీత మలుపు తిరిగిన చోటనో ఉంటుంది. అలాంటి వాటిని ఏనాడూ అడవి మొహం చూడని మనిషి, తుమ్మచెట్లూ నాపరాళ్ళూ తప్ప మరేమీ లేని చోట కూర్చుని, ఫొటోలు చూసి గుర్తుపట్టేవాడు.

ఆ విద్య ఆయనకు అబ్బిన తీరు కూడా చిత్రమే. కళాశాల ప్రయోగశాలలో విద్యార్థుల కోసం పురుగులను సేకరించి, సూదులు గుచ్చి, అద్దాల పెట్టెలో అమర్చేవారు. ఏటా వేసవి సెలవుల్లో చీమలు పడి తినేసేవి. మూడోసారి పెట్టె తెరిచి చూస్తే సూదులూ చీటీలూ మిగిలాయట. "నేను సంపేది, చీమలు తినేది. ఇంగ సాలు" అని ఆ పని మానేసి ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. తర్వాత ఇంటర్నెట్‌లో ఇతరులు పెట్టిన ఫొటోలు చూడసాగారు. ఎవరో ఒక అపరిచితుడు అడవిలో తీసిన శలభం పేరు అడిగాడు. ఈయన చెప్పారు. అది మొదలు. ఒకసారి ఒక పరిశోధకుడు, "మీ పరిశీలనా కేంద్రం ఏ అడవిలో ఉంది?" అని రాస్తే, "డోన్ రైల్వే జంక్షన్‌లో" అని జవాబిచ్చారు. ఆ పరిశోధకుడు హాస్యమనుకున్నాడు.

ఆయన పని చేసే పద్ధతిని నేను ఆయన దగ్గర ఇంటర్మీడియట్ చదివే రోజుల నుంచీ చూశాను. పొద్దున ప్రార్థన ముగించుకుని, ముందు గదిలో కంప్యూటరు ముందు కూర్చునేవారు. డోన్ ఎండ తెర మీద పడకుండా కిటికీకి దుప్పటి కట్టి ఉండేది. ఫొటో పంపినవారు తమకు తోచిన పేరేదైనా రాసి ఉంటే, దాని మీద చీటీ అడ్డం పెట్టమని సుగుణమ్మ గారికి చెప్పి, అప్పుడు మాత్రమే తెర వైపు చూసేవారు. తర్వాత పెన్సిలు తీసుకుని కాగితం మీద ఆ శలభాన్ని గీసేవారు. ఫొటో కళ్ళెదుటే ఉంటే మళ్ళీ గీయడం దేనికి సార్ అని అడిగాను ఒకసారి. "ఊరికే సూస్తే కన్ను సోమరిది అవుతాదప్పా. గీస్తే, ఈ గీత యాడ మొదలైంది, యాడ ఆగింది అని ఆ పురుగునే అడగల్ల" అన్నారు. గీయడం పూర్తయ్యాక జాతుల గుర్తులు రాసి దాచుకున్న తన చీటీల పెట్టె తీసి వెతికేవారు. ఒక్కొక్క పురుగుకు వారం పట్టేది. పంపినవాడు మరిచిపోయిన తర్వాత జవాబు వెళ్ళేది.

ఆ జవాబుల్లో సగానికి సగం ఒకే మాట, తెలియదు. పురుగు వాలినప్పుడు పై రెక్క కింది రెక్కను కప్పేస్తుంది. కింది రెక్క చూడకుండా పేరు చెప్పడం ఆయనకు అపచారం. కొన్ని జాతులను సూక్ష్మదర్శిని కింద కోసి చూస్తే తప్ప వేరు చేయలేం. అలాంటి చోట ఆ జాతులన్నిటికీ ఉమ్మడి అయిన ప్రజాతి పేరు వరకే రాసి ఆగిపోయేవారు. "ఫొటో ఎంతవరకు సూపిస్తే అంతవరకే పేరు. ఆ మీద రాసేదంతా మన పొగరు" అని ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు. కళాశాలలో ఒకసారి ఆయన సేకరించిన ఫొటోలతో ప్రదర్శన పెట్టారు. బొమ్మల కింద చాలాచోట్ల 'తెలియదు' అని ఉండడం చూసి ప్రిన్సిపాలు మండిపడ్డారు. వచ్చే పెద్దలు నవ్విపోతారని, ఏదో ఒక పేరు రాసేయమని ఒత్తిడి చేశారు. సారు చలించలేదు. "నవ్వనీండి సార్. నవ్వినోళ్ళకు తెలిసుంటే చెప్తారు, రాసుకుందాం" అన్నారు.

నాది బనగానపల్లె. మా నాయన మామిడితోటలు కాపలా కాసేవాడు. నాకు చిన్నప్పటి నుంచి ఆకుల మీది పురుగులంటే పిచ్చి. అది చదువు అవుతుందని నాకు చెప్పినవారు దేవసహాయం సారు. ఎమ్మెస్సీ దరఖాస్తు తానే నింపారు. మలెనాడులోని ఒక అటవీ పరిశోధన కేంద్రంలో నాకు చోటు దొరికినప్పుడు నాకంటే ఆయనే ఎక్కువ పొంగిపోయారు. బస్టాండుకు వచ్చి, కిటికీలోంచి ఒక గొడుగు అందించి, "ఆడ వానలంట. మా డోన్‌లో వానొస్తే సూసేకి బయటికొస్తాం. నువ్వేం సేస్తావో ఏమో" అని నవ్వారు. సార్, మీరూ ఒకసారి రండి అని ఏటా పిలిచాను. ఏటా సంచి సర్దుకునేవారు. ఏటా కాలి పుండు తిరగబెట్టేది. తడి నేల మీద నడిస్తే కాలే తీసేయవలసి వస్తుందని డాక్టరు కచ్చితంగా చెప్పారు. ఆయన జీవితమంతా ధ్యానించిన అరణ్యంలో ఒక్క పూట కూడా నిలబడలేకపోయారు. నేనే ఆయనకు కళ్ళనుకున్నాను. కళ్ళు ఎంత బాగా చూశాయో ఇప్పుడు చెబుతాను.

మలెనాడులో నా మూడో వానాకాలం. ఆ రోజు ఉదయం మా కేంద్రం గోడ మీద ఒక నల్లటి శలభం వాలి ఉంది. రెక్కల మీద ఒక్క గీత లేదు. అలాంటిదాన్ని నేనెన్నడూ చూడలేదు. ఒక ఫొటో తీసి, పక్కన కొలబద్ద పెడదామని లోపలికి వెళ్ళి వచ్చేసరికి ఎగిరిపోయింది. ఫొటో సారుకు పంపాను. ఆ మధ్యాహ్నమే ఫోను చేశారు.

"స్కేలు యాడప్పా?"

"పెట్టేలోగా ఎగిరిపోయింది సార్."

"ఇంకో ఫొటో?"

"ఇదొక్కటే సార్."

"మంచిది, సూస్తా" అన్నారు. నాలుగో రోజున ఒక సందేశం వచ్చింది. దాన్ని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఇంతకాలం పూర్తిగా చదివినవాళ్ళం ముగ్గురమే.

"మద్దిలేటీ, గీతలు లేవు, రంగు శానా నలుపు. మీ అడవిలో ఇంతవరకు ఎవరూ సూడని జాతి ఇది. కావచ్చు అంటాండా, అంతే. ఒక్క ఫొటోను నమ్ముకోవద్దు. ఇంకోటి దొరికేదాకా అచ్చుకియ్యద్దు. నేను ఆ అడవి సూసినోణ్ణి కాదు. నాకు తెలియంది ఏదో ఆడ ఉండచ్చు."

కింద, వేరే అడవుల్లో మాత్రమే దొరికే ఆ జాతి పేరు రాశారు. సరిగ్గా అప్పుడే కడపలో అధ్యాపక పోస్టుకు పిలుపు వచ్చింది. చేతిలో అచ్చయిన వ్యాసం ఒకటి ఉంటే కొలువు ఖాయమన్నారు. నేను ఆ సందేశంలో మొదటి రెండు వాక్యాలూ ఆ పేరూ తీసుకున్నాను. మిగిలినది వదిలేశాను. జాతిని నిర్ధారించినవారు దేవసహాయం గారు అని వ్యాసంలో గౌరవంగా రాశాను. అచ్చయింది. కొలువు వచ్చింది. మిఠాయి పెట్టె పట్టుకుని డోన్ వెళితే సారు పత్రికను రెండుసార్లు చదివి, మడిచి, బల్ల మీద పెట్టి, "తొందర పడినావేమో అప్పా" అన్నారు. అంతకు మించి అనలేదు. షుగరు మనిషి అయినా నా తృప్తి కోసం మిఠాయి ముక్క నోట్లో వేసుకున్నారు.

రెండో ఏడు అదే కేంద్రంలో పనిచేస్తున్న ఒక పరిశోధకురాలు ఓపిగ్గా కూర్చుని ఒకే పురుగును మూడు ఫొటోలు తీసింది. సాయంత్రం వాన మొదలు కాకముందు అది లేత బూడిద రంగులో, రెక్కల నిండా సన్నని గీతలతో ఉంది. అలాంటివి ఆ అడవిలో కొల్లలు. రాత్రంతా కురిసిన వానలో నానిపోయి తెల్లారేసరికి నల్లబడింది, గీతలన్నీ మునిగిపోయాయి. ఎండ పొడ తగిలి ఆరాక మళ్ళీ బూడిద రంగుకు వచ్చింది. మా కొత్త జాతి వట్టి తడిసిన పురుగు.

ఇలాంటి పప్పులో మా సీమ మనుషులు తప్ప మరెవరూ కాలేయలేరు. రాత్రంతా వానలో నానిన శలభం ఒకటుంటుందని సారు ఊహకే అందలేదు. ఆయన ఎరిగిన వాన ముప్పావుగంట వాన, తెల్లారేసరికి నేలే ఆరిపోతుంది. నేను అక్కడే ఉండి కూడా చూడలేదు. ఆ అడవిలో చొక్కా తడి, పుస్తకం తడి, ఉప్పు డబ్బా తడి. వాన పడిందన్న ముక్క ఆయనకు చెప్పాలని నాకు తోచలేదు. అడగాలని ఆయనకు తోచలేదు. ఇంతవరకు ఇద్దరిదీ పొరపాటే. ఆ తర్వాతది మాత్రం నా ఒక్కడిదే.

ఆమె పంపిన ఆ మూడు ఫొటోలూ చూసి పత్రిక సంపాదకుడు సంజాయిషీ అడిగాడు. ఉద్యోగంలో నాకింకా పరిశీలన కాలం పూర్తి కాలేదు. భయపడ్డాను. "జాతి నిర్ధారణ నాది కాదు. డోన్‌కు చెందిన దేవసహాయం గారు ఫొటో చూసి నిర్ధారించినది" అని రాసి పంపాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మొత్తం కలిపితే అబద్ధమే. సంపాదకుడు సారునూ అడిగాడు. ఆయన ఇచ్చిన జవాబు పత్రికలో వచ్చింది: "పొరపాటు నాదే. తడిసిన శలభాన్ని నేను ఎన్నడూ చూడలేదు." నాకు పంపిన సందేశం ఊసే ఎత్తలేదు. అది చదివిన రోజు మొహం చెల్లక ఆయనకు ఫోను చేయలేదు. మర్నాడు చేద్దామనుకున్నాను. మర్నాడు ఇంకా కష్టమైంది. అలా మూడేళ్ళు గడిచిపోయాయి.

ఆ మూడేళ్ళూ ఆయన ఎలా బతికారో అంత్యక్రియల రోజున సుగుణమ్మ గారు చెబితే తెలిసింది. వర్షారణ్యం చూడనివాడు వర్షారణ్యపు పురుగులకు పేర్లు పెట్టడమేమిటని ఇంటర్నెట్‌లో హేళన చేశారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే చేశారు. ఫొటోలు రావడం తగ్గి, ఆగిపోయింది. ఆయన ఎవరితోనూ వాదించలేదు. అంతకంటే ఘోరమైన పని పెట్టుకున్నారు. తాను అంతవరకు పేరు చెప్పిన ప్రతి ఫొటోనూ మళ్ళీ తెరిచి, పంపిన ప్రతి ఒక్కరికీ, "ఆనాడు వాన పడిందా? పురుగు తడిసి ఉండెనా?" అని రాశారు. ఏళ్ళనాటి ఫొటోలు. ఎవరికి గుర్తుంటుంది? చాలామంది జవాబివ్వలేదు. జవాబు రాని ప్రతిచోటా తాను పెట్టిన పేరు తానే కొట్టేసి 'తెలియదు' అని రాసుకుంటూ పోయారు. చూపు మందగించాక తెర మీదిది సుగుణమ్మ గారు చదివి చెబుతుంటే ఆయన "కొట్టెయ్" అనేవారట.

"ఎన్నని కొట్టేస్తావు, అన్నీ తప్పయితాయా అని తగులుకుంటి ఒకనాడు" అన్నారామె. "ఒకటి తప్పయినాక ఏది తప్పో ఏది కాదో నాకేం తెలుసు సుగుణా అనె. రోజూ ఇదే పని. సాకిరీ మాదిరి సేసినాడు." ఆమె సారు ఫోను తెచ్చి నాకు ఆ సందేశం చూపించారు. "ఇది ఉండాది కదా, వాళ్ళకు పంపితే నీ మాట నిలబడతాది అని శానాసార్లు సెప్పినా. వద్దు, వాని ఉద్యోగం పోతాది, వాడు మా పురుగుల పిల్లోడు అనె." నాకు ముప్పై నాలుగేళ్ళు. ఆయనకు నేనింకా మామిడితోటలో పురుగులు ఏరుకునే పిల్లవాణ్నే.

ఆయన కొట్టేసిన పేర్ల జాబితాను సుగుణమ్మ గారి దగ్గర తీసుకుని ఇంటికి వచ్చి, ముందు పెట్టుకుని, మూడు ఫొటోలు తీసిన ఆ పరిశోధకురాలి సాయంతో వరసగా చూశాను. మాకు తేల్చడానికి వీలైనవి దాదాపు అన్నీ సరైనవే. అసలు తడిసినవే కావు. వాటికి ఆయన మొదట చెప్పిన పేర్లు ముమ్మాటికీ నిజం. కానీ మాకు తేలనివి వందల్లో ఉన్నాయి. బూడిద రంగు చిన్న పురుగులు, వెంట్రుకంత గీతల తేడాలు. అవి ఆయన కన్నుకు తప్ప మరొకరికి లొంగేవి కావు. ఆ పేర్లు తిరిగి నిలబెట్టగలిగినవాడు ఒక్కడే. ఆయన్ను డోన్‌లో మట్టి చేసి వచ్చాం. ఇలాంటి చోట పూడ్చలేని లోటు అని రాస్తుంటారు. మా విద్యలో ఆ లోటు ఎంతో నేను ఫొటో ఫొటోకూ చూపించగలను.

గత శుక్రవారం పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాశాను. సారు సందేశాన్ని యథాతథంగా జతచేశాను. దాని ప్రతిని మా కళాశాలకూ ఇచ్చాను. ఏమవుతుందో అవనీ. మొన్న ఆదివారం డోన్‌లో బంధుమిత్రులు సారును తలుచుకునే ఆదరణ కూడిక జరిగితే, పాస్టరు గారి అనుమతితో నిలబడి ఆ ఉత్తరాన్ని అందరి ముందూ చదివాను. సగం మందికి అది దేని గురించో అర్థం కాలేదు. పురుగు ఫొటోకు ఇంత గొడవా అన్నట్టు చూశారు. ఆయన ఆత్మకు శాంతి కలగాలని కోరే వరసలో నిలబడే హక్కు నాకు లేదు. చివరి మూడేళ్ళు ఆయనకు శాంతి లేకుండా చేసినవాణ్ని నేనే. చేతులు జోడించి ఆ సమాధి ముందు తల వంచడం వరకే నాకు మిగిలింది.

కూడిక అయ్యాక సెలవు తీసుకోబోతే సుగుణమ్మ గారు ఆగమన్నారు. కోపంగా లేరు. కళ్ళలో నీళ్ళు కూడా లేవు.

"మంచి పని సేసినావు. అయితే ఒక మాట సెప్తా ఇను. మద్యాన్నం మాత్ర ఏసుకుని పండుకునే ముందు దినామూ ఫోను నా సేతికిచ్చేటోడు. మద్దిలేటి సేస్తే నన్ను లేపు, నిద్దరపోతాండాడని సెప్పి పెట్టేసేవు అని. మూడేండ్లూ, దినామూ సెప్పినాడు. పోయిన ముందుదినం కూడా సెప్పినాడప్పా."

సారూ, తప్పు నాది. ఒక్క ఫోను చేసి ఈ మాట చెప్పి ఉంటే మీరు లేచి కూర్చుని వినేవారు.